స్క్రాచ్‌కూ బ్లెండ్‌కూ డీజే మిక్సర్‌ను ఎంచుకోవడం ఎలా

రెండు మూడు పాటల శబ్దాలను కలిపి స్పీకర్లకు పంపే పెట్టె డీజే మిక్సర్. దాన్ని కొనే ముందు, మన చేతులు దాని మీద ఎక్కువసేపు ఏ పని చేస్తాయో తేల్చుకోవాలి. స్క్రాచ్ చేసేవారు ఒక చేత్తో రికార్డును ముందుకూ వెనక్కూ కదుపుతూ, రెండో చేతి వేళ్లతో క్రాస్‌ఫేడర్‌ను, అంటే ఒక రికార్డు శబ్దం నుంచి మరోదానికి మారడానికి అడ్డంగా జరిపే మీటను, సెకనుకు అనేకసార్లు తెరిచి మూస్తారు. వారికి శబ్దం కోసినట్టు మొదలై కోసినట్టు ఆగాలి. హౌస్, టెక్నో వంటి డాన్స్ సంగీతాన్ని కలిపి నడిపేవారి అవసరం ఇందుకు దాదాపు వ్యతిరేకం. ఒక పాట ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ అందుకుందో ఆడుతున్నవారికి తెలియనంత నెమ్మదిగా ఒకటి తగ్గుతూ మరొకటి పెరగాలి. దీన్నే బ్లెండ్ అంటారు. ఈ రెండు పనులనూ ఒకే పెట్టె చేయగలదు గాని, రెండింటినీ సమానంగా బాగా చేసే పెట్టె అరుదు. కొనేవారు ఏదో ఒకవైపు మొగ్గక తప్పదు. ఎటు మొగ్గాలి, మొగ్గాక రెండోవైపు కనీసం ఏమేం ఉండేలా చూసుకోవాలి అన్నవే ఇక్కడ చూడవలసిన విషయాలు.

ఈ తేడా మిక్సర్ల పుట్టుకలోనే ఉంది. 1970ల మొదట్లో న్యూయార్క్ డిస్కోలకు చేరిన బోజాక్ మిక్సర్‌లో గుండ్రంగా తిప్పే నాబులే ఉండేవి, అడ్డంగా జరిపే క్రాస్‌ఫేడర్ లేదు. పాట మీద పాటను నిదానంగా ఎక్కించడానికి ఆ నాబులు సరిగ్గా సరిపోయేవి. అదే దశాబ్దం మధ్యలో, అదే నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో గ్రాండ్ విజర్డ్ థియోడర్ చేతిలో స్క్రాచ్ రూపుదిద్దుకుంది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రెండు రికార్డుల మధ్య లయ తప్పకుండా ఒక్క వేటుతో మారే పద్ధతిని పదునుపెట్టాడు. వీరి దారిలో వచ్చిన డీజేలకు స్విచ్చులా పలికే ఫేడర్ కావలసి వచ్చింది. మొదటి వంశానికి వారసులు నేటి రోటరీ మిక్సర్లు, క్లబ్బుల్లో కనిపించే నాలుగు ఛానళ్ల మిక్సర్లు (ఒక్కో పాట లోపలికి వచ్చే దారి ఒక ఛానల్). రెండోదానికి వారసులు బ్యాటిల్ మిక్సర్లని పిలిచే రెండు ఛానళ్ల చిన్న మిక్సర్లు.

క్రాస్‌ఫేడర్

స్క్రాచ్ చేసే ఉద్దేశం ఏ కొంచెం ఉన్నా, డబ్బులో పెద్ద వాటా క్రాస్‌ఫేడర్‌కే పోవాలి. ఇందులో మొదట చూడవలసింది, ఫేడర్‌ను ఒక చివరి నుంచి ఎంత దూరం జరిపితే శబ్దం పలుకుతుందన్నది. క్రాస్‌ఫేడర్ మొత్తం ప్రయాణం సాధారణంగా 45 మి.మీ. ఉంటుంది. స్క్రాచ్‌కు పనికివచ్చే ఫేడర్‌లో చివరి నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలేసరికే శబ్దం పూర్తి స్థాయిలో వినిపించాలి. అదే దూరం ఐదారు మిల్లీమీటర్లు అయితే, క్రాబ్ అనే స్క్రాచ్ పద్ధతిలో వేళ్లు ఒకదాని తరువాత ఒకటి మీటిన నాలుగు దెబ్బల్లో రెండే పలుకుతాయి. సాధన చేసేవారు లోపం తమ వేళ్లదనుకుని నెలల తరబడి కుస్తీ పడతారు. ఫ్లేర్ అనే మరో స్క్రాచ్ పద్ధతిలో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ శబ్దం తెరిచి ఉన్నప్పుడు మొదలుపెట్టి, ఫేడర్‌ను చివరి గోడకు తాకించి క్షణంపాటు మూస్తారు. కాబట్టి తెరుచుకునే చోటెంత పదునుగా ఉండాలో, మూసినప్పుడు నిశ్శబ్దం కూడా అంత సంపూర్ణంగా ఉండాలి. కొన్ని మిక్సర్లలో ఈ దూరాన్ని సెట్టింగ్‌లలో మార్చుకునే వీలుంటుంది. ఆ వీలున్న మిక్సర్ దొరికితే వదులుకోకూడదు.

తరువాతిది కర్వ్, అంటే ఫేడర్ జరిగేకొద్దీ శబ్దం పెరిగే తీరు. స్క్రాచ్ కర్వ్‌లో ఫేడర్ నడిమి భాగమంతా రెండు ఛానళ్లూ పూర్తి స్థాయిలో మోగుతాయి. బ్లెండ్ కర్వ్‌లో నడిమికి వచ్చేసరికి ఒక్కో ఛానల్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది, అందువల్ల రెండు వేర్వేరు పాటలు కలిసినప్పుడు మొత్తం శబ్దం ఇంచుమించు అదే స్థాయిలో నిలుస్తుంది. ఒక్కోటి 6 డెసిబెల్స్ తగ్గే కర్వ్‌లో మధ్యకు రాగానే పాట కుంగినట్టు వినిపిస్తుంది. స్క్రాచ్ కర్వ్‌లోనే పెట్టి బ్లెండ్ చేస్తే, రెండు పాటలు నిండుగా కలిసి శబ్దం 3 డెసిబెల్స్ దాకా పెరిగి ఎర్ర దీపాలు వెలుగుతాయి. కాబట్టి కర్వ్ మార్చే నాబో స్విచ్చో ముందు అంచు మీద, చేతికి అందే చోట ఉండాలి. మెనూలో నాలుగు మెట్లు దిగితే గాని దొరకని కర్వ్‌ను ప్రదర్శన మధ్యలో ఎవరూ మార్చరు.

ఫేడర్ దిశను తిరగేసే రివర్స్ స్విచ్చు కూడా ఉండాలి. దీన్నే హ్యామ్‌స్టర్ స్విచ్ అంటారు. ఇది అనవసరమైన హంగనుకోకూడదు. ఫ్లేర్, క్రాబ్ వంటివి కొందరి వేళ్లకు తిరగేసిన దిశలోనే అలవాటవుతాయి, మొదట ఏ దిశలో నేర్చుకుంటే జీవితమంతా దాదాపు అదే సాగుతుంది. నేర్చుకునే దశలో రెండూ ప్రయత్నించి చూసే అవకాశం ఉండడం మంచిది.

ఇక ఫేడర్ లోపల ఏముందన్న ప్రశ్న. పాత పద్ధతిలో కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు వేలు రాసుకుంటూ పోతుంది. దుమ్ము చేరినా పట్టీ అరిగినా గరగరమంటుంది, మూసినప్పుడు కూడా శబ్దం సన్నగా కారుతుంది. సంగీతం నేరుగా ఫేడర్ గుండా పోకుండా, ఫేడర్ కేవలం వోల్టేజీని అదుపు చేసే మిక్సర్లలో ఈ గరగర చాలావరకు తగ్గుతుంది. అయస్కాంతంతో స్థానాన్ని గుర్తించే ఫేడర్లలో రాసుకునే పట్టీయే ఉండదు కాబట్టి అవి ఎక్కువకాలం మన్నుతాయి. రేన్ మిక్సర్లలోని మ్యాగ్ ఫేడర్లు, పయనీర్ డీజే మిక్సర్లలోని మ్యాగ్‌వెల్ ఫేడర్లు ఈ కోవలోవే. రోజూ గంటల తరబడి సాధన చేసేవారికి ఇది తప్పనిసరి అంటాను. వారాంతాల్లో కాసేపు వాయించుకునేవారికి మంచి కార్బన్ ఫేడర్ చాలు, అయితే అది విప్పి మార్చుకునేదై ఉండాలి. ఇన్నోఫేడర్ వంటి విడి ఫేడర్లు చాలా మిక్సర్లలో ఇముడుతాయి. మామూలు మిక్సర్ కొని ఫేడర్ ఒక్కటి మార్చుకోవడం తక్కువ ఖర్చుతో మంచి స్క్రాచ్ మిక్సర్‌ను సంపాదించే మార్గం. కొనే ముందే ఆ మోడల్‌కు సరిపోయే ఫేడర్ ఉందో లేదో తెలుసుకోవాలి.

ఫేడర్ బిగువు గురించి ఎవరి ఇష్టం వారిది. క్రాబ్‌కు బొటనవేలు స్ప్రింగులా వెనక్కి నెడుతుంది కనుక ఫేడర్ వదులుగా ఉంటేనే వేళ్ల దెబ్బలు సాగుతాయి. నెమ్మదిగా జరిపేవారికి కాస్త బిగువు ఉంటే చేతికి పట్టు చిక్కుతుంది. బిగువు సర్దుకునే వీలుంటే ఆ వాదమే ఉండదు.

మిక్సర్ ముఖం

స్క్రాచ్ చేసేవారి చేయి క్రాస్‌ఫేడర్ మీద నుంచి రికార్డు మీదకీ, అక్కడి నుంచి మళ్లీ ఇటూ దూకుతూ ఉంటుంది. అందుకే బ్యాటిల్ మిక్సర్లలో కింది భాగాన్ని ఖాళీగా వదిలి, నాబులన్నీ పైకి నెడతారు. క్రాస్‌ఫేడర్‌కు ఇరువైపులా అరచేయి ఆనించేంత చోటు ఉందా, మణికట్టు ఏ నాబుకైనా తగులుతోందా అన్నది ఫొటోలో చూసి చెప్పలేం, చేయి పెట్టి చూడాలి. హెడ్‌ఫోన్ జాక్ ముందు అంచున క్రాస్‌ఫేడర్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటే, వైరు అదేపనిగా మణికట్టుకు అడ్డుపడుతుంది. టర్న్‌టేబుళ్లను, అంటే రికార్డులు తిప్పే యంత్రాలను, 90 డిగ్రీలు తిప్పి, సూది చేయి దూరంగా ఉండేలా పెట్టుకునేవారు మిక్సర్ వెడల్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు ఛానళ్ల వెడల్పాటి మిక్సర్ మధ్యలో పెడితే రెండు రికార్డుల మధ్య దూరం పెరిగి, ఒకే లయ ముక్కను అటూ ఇటూ మార్చి వాయించే బీట్ జగ్లింగ్ కష్టమవుతుంది.

బ్లెండ్‌కు కావలసినవి

డాన్స్ సంగీతాన్ని కలిపేవారిలో చాలామంది క్రాస్‌ఫేడర్‌ను అసలు ముట్టుకోరు. వారి పని నిలువు ఛానల్ ఫేడర్ల మీద, ఈక్యూ మీద, అంటే బేస్‌నూ పైస్థాయి శబ్దాలనూ విడివిడిగా పెంచి తగ్గించే నాబుల మీద, నడుస్తుంది. క్లబ్ మిక్సర్లలో ఛానల్ ఫేడర్లు సాధారణంగా 60 మి.మీ., బ్యాటిల్ మిక్సర్లలో 45 మి.మీ. ఉంటాయి. ఆ పదిహేను మిల్లీమీటర్ల తేడా ఓ నిమిషంపాటు సాగే బ్లెండ్‌లో వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఛానల్ ఫేడర్లకు కూడా కర్వ్ మార్చే వీలుంటే పొట్టి ఫేడర్‌తోనూ నెట్టుకురావచ్చు.

ఈక్యూ విషయంలో తొందరపడకూడదు. హౌస్, టెక్నో పాటల్లో కిక్ డ్రమ్, బేస్ రెండూ 50 నుంచి 100 హెర్ట్జ్ చుట్టుపక్కల కూర్చుంటాయి. రెండు పాటల బేస్ ఒకేసారి నిండుగా మోగితే స్పీకర్ బురదగా పలుకుతుంది, బయటికి వెళ్లే మొత్తం శబ్దాన్ని చూపే మాస్టర్ మీటరు ఎర్రబడుతుంది. అందుకే వచ్చే పాట బేస్‌ను ముందే తీసేసి, పైస్థాయి శబ్దాలను మాత్రం లోపలికి తెచ్చి, సరైన చోట ఒక పాట బేస్‌ను ఆపి రెండోదాని బేస్‌ను వదులుతారు. ఈ సంగీతంలో పెద్ద మార్పులు ఎక్కువగా 32 బీట్ల హద్దుల మీదే వస్తాయి. నిమిషానికి 125 బీట్ల పాటలో 32 బీట్లంటే సుమారు 15 సెకన్లు, కాబట్టి నాబు తిప్పడానికి తీరిక బాగానే ఉంటుంది గాని, అది సరిగ్గా ఎక్కడ నిలవాలో వేలికి తెలియాలి. నాబు నడుమ చిన్న నొక్కులాంటి ఆగుడు ఉందా, చీకట్లో తడిమినా దాని గీత ఎటు చూస్తోందో తెలుస్తుందా అన్నవి చూసుకోవాలి.

నాబును పూర్తిగా ఎడమకు తిప్పితే బేస్ ఎంత తగ్గుతుందన్నది మరో ముఖ్య విషయం. కొన్నిటిలో 26 డెసిబెల్స్ వరకే తగ్గుతుంది, అంటే ఇరవయ్యో వంతు మిగులుతుంది. ఇంట్లో చిన్న స్పీకర్ల మీద అది లేనట్టే, పెద్ద సౌండ్ వ్యవస్థ మీద మాత్రం సన్నని జాడ ఉంటుంది. ఐసొలేటర్ పద్ధతిలో పూర్తిగా మాయమవుతుంది. పయనీర్ డీజే వారి డీజేఎం-900 నెక్సస్ 2 వంటి మిక్సర్లలో ఈ రెండు పద్ధతుల మధ్య మారే స్విచ్చే ఉంది. బ్లెండ్‌లో కొంత మిగల్చడమే సహజంగా వినిపిస్తుందని నా అభిప్రాయం, అయినా పూర్తిగా తీసే వీలు ఉండడం మేలు. స్క్రాచ్ చేసేవారికీ ఇది అక్కరకొస్తుంది, ఎందుకంటే చేయి రికార్డుకు తగిలినప్పుడు సూది గుండా వచ్చే దడదడను బేస్ తగ్గించే అణచాలి.

బేస్‌నో పైస్థాయి శబ్దాలనో క్రమంగా తొలగించే ఫిల్టర్ ఉంటే మంచిది, మంచి ఫిల్టర్ ఉంటే ఇంకా మంచిది. అలెన్ అండ్ హీత్ కంపెనీ జోన్:92 మిక్సర్‌ను ఇన్నేళ్లుగా డీజేలు వదలకపోవడానికి దాని అనలాగ్ ఫిల్టర్లూ, ఒక్కో ఛానల్‌కు నాలుగు భాగాలుగా ఉన్న ఈక్యూ ముఖ్య కారణాలు. ఇక నాలుగు ఛానళ్లు కావాలా అన్నది సూటిగా అడగవలసిన ప్రశ్న. మూడు పాటలను ఒకేసారి పేర్చేవారికి, డ్రమ్ మెషిన్‌ను పక్కన పెట్టుకునేవారికి కావాలి. రెండు టర్న్‌టేబుళ్లే ఉన్నవారికి మిగతా రెండు ఛానళ్లు దుమ్ము పట్టే చోటు మాత్రమే.

వెనక ఉన్న పిన్నులు

రికార్డు సూది నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనమైనది. సూదిని పట్టి ఉండే మామూలు కార్ట్రిడ్జ్ 5 మిల్లీవోల్టుల చుట్టుపక్కల ఇస్తే, స్క్రాచ్ కోసం చేసినవి కొన్ని 10 మిల్లీవోల్టుల దాకా ఇస్తాయి. లైన్ స్థాయి పరికరాల సిగ్నల్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా రికార్డు చెక్కేటప్పుడు బేస్‌ను తగ్గించి, పైస్థాయి శబ్దాలను పెంచి చెక్కుతారు. దాన్ని తిరిగి సరిచేసే పని మిక్సర్‌లోని ఫోనో ఇన్‌పుట్‌ది. టర్న్‌టేబుల్‌ను పొరపాటున లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే పాట దూరంగా, పీలగా వినిపిస్తుంది. ల్యాప్‌టాప్‌నో సీడీ ప్లేయర్‌నో ఫోనోకు కలిపితే చెవులు చిల్లులు పడేలా చీలి మోగుతుంది. మిక్సర్‌లో ఎన్ని ఫోనో ఇన్‌పుట్లు ఉన్నాయో లెక్కపెట్టి, ఎర్త్ వైరు బిగించే మర ఉందో లేదో చూడాలి. ఆ వైరు వేలాడుతూ ఉంటే మన 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమని సంగీతంలో దూరుతుంది. ఫోనో ఇన్‌పుట్ చేసే ఈ పనినే చేసే ప్రీయాంప్ టర్న్‌టేబుల్‌లోనే ఉంటే, దాన్నో మిక్సర్‌లోనిదాన్నో ఒకదాన్నే వాడాలి.

కంప్యూటర్‌లోని పాటలను కంట్రోల్ రికార్డుతో (పాటకు బదులు కంప్యూటర్‌కు సంకేతాలు పంపే రికార్డుతో) ఆడించేవారు మిక్సర్‌లో సౌండ్ కార్డు ఉందా, అది తమ సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇస్తుందా అని తప్పక చూడాలి. రేన్ కంపెనీ, సాఫ్ట్‌వేర్ తయారుచేసే సెరాటోతో కలిసి 2004లో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చిన నాటి నుంచి బ్యాటిల్ మిక్సర్లలో ఇది మామూలైంది. అయితే అన్ని మిక్సర్లూ అన్ని సాఫ్ట్‌వేర్లకూ పనిచేయవు. రెండు యూఎస్‌బీ పోర్టులుంటే ఒక డీజే దిగి మరొకరు ఎక్కేటప్పుడు పాట ఆగదు.

బయటికి వెళ్లే దారుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మాస్టర్‌కు ఎక్స్‌ఎల్ఆర్ పిన్నులు, డీజే పక్కన ఉండే స్పీకర్‌కు విడిగా వాల్యూమ్ ఉంటే చాలు. బరాత్‌లకూ ఊరేగింపులకూ వాయించేవారికి మాత్రం మైకు ఇన్‌పుట్, దానికి ప్రత్యేకమైన ఈక్యూ ముఖ్యం. జనరేటర్ మీద నడిచే చోట ఎర్తింగ్ సరిగా ఉండదు కాబట్టి దారిలో చొరబడే శబ్దాన్ని అణచే బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్ఆర్ వైర్లు వాడకపోతే గుయ్యిమనే శబ్దం తప్పదు. ఆ పనికి స్క్రాచ్ మిక్సర్ కొనడం డబ్బు వృథా.

ఎఫెక్ట్‌లు, రంగురంగుల ప్యాడ్లు, తెరలు అన్నిటికన్నా చివర చూడవలసినవి. అమ్మేవారు మొదట చూపించేవీ ఇవే. ఎకో ఒకటి బాగుంటే పని జరిగిపోతుంది.

ఏ మిక్సర్

కేవలం స్క్రాచ్, జగ్లింగ్ చేసేవారికి రేన్ సెవెంటీ, పయనీర్ డీజే వారి డీజేఎం-ఎస్7, ఎస్11 నేటి మంచి ఎంపికలు. రేన్ సెవెంటీలో క్రాస్‌ఫేడరే కాక, ఛానల్ ఫేడర్లు కూడా అయస్కాంతపువే. బ్లెండ్‌లే ప్రాణంగా ఉన్నవారికి జోన్:92, జోన్:96 గాని, క్లబ్బుల్లో ఎక్కువగా ఎదురయ్యే డీజేఎం-900 నెక్సస్ 2, దాని తరువాతి డీజేఎం-ఏ9 గాని సరిపోతాయి. క్లబ్బుల్లో వాయించాలనుకునేవారు అక్కడుండే మిక్సర్ మీదే చేయి అలవాటు చేసుకోవడం మంచిది.

రెండూ కావాలనేవారు బ్యాటిల్ మిక్సర్ వైపే మొగ్గాలని నేను చెబుతాను. వేగమైన ఫేడర్‌ను కర్వ్ మార్చి నెమ్మది చేసుకోవచ్చు, నెమ్మదిగా పలికే ఫేడర్‌ను మాత్రం ఏ నాబూ పదును చేయలేదు. కోల్పోయేది పొడవాటి ఛానల్ ఫేడర్లు, మూడో నాలుగో ఛానళ్లు మాత్రమే. ఈక్యూ బాగున్న బ్యాటిల్ మిక్సర్ మీద హౌస్ పాటలను గంటల తరబడి అతుకు తెలియకుండా నడిపేవారు ఉన్నారు. జోన్:92 మీద క్రాబ్ సాధన చేసేవారిని వెతుక్కోవాలి.

కొనే ముందు పరీక్ష

దుకాణానికి తెలిసిన హెడ్‌ఫోన్, తెలిసిన రెండు పాటలు తీసుకెళ్లాలి. ఒక ఛానల్‌లో పాట పెట్టి, క్రాస్‌ఫేడర్‌ను అవతలి చివరకు నెట్టి, హెడ్‌ఫోన్‌లో మాస్టర్‌ను పెంచి వినాలి. సన్నగానైనా పాట వినిపిస్తే ఆ ఫేడర్ కారుతోందని అర్థం. ఆ తరువాత ఫేడర్‌ను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ శబ్దం ఎక్కడ పలుకుతుందో రెండు వైపులా చూడాలి, ఎడమకూ కుడికీ తేడా ఉండకూడదు. పాట ఏదీ లేకుండా గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబు), ఛానల్, మాస్టర్ మూడూ పెంచి ఇన్‌పుట్ ఫోనో మీద పెడితే బుస్సుమనే శబ్దం వస్తుంది. అది కొంత సహజమే గాని, ఒక ఛానల్‌లో ఎక్కువగా, మరోదానిలో తక్కువగా ఉంటే అనుమానించాలి. బేస్ నాబులను ఒక్కొక్కటిగా పూర్తిగా తిప్పి ఎంత మిగిలిందో వినాలి. చివరిగా రెండు పాటలను కలిపి మాస్టర్ మీటరు ఎర్ర గీత దగ్గరికి తీసుకెళ్లి, శబ్దం ఎక్కడ చీలుతుందో గమనించాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవారు ఇంకొంచెం కఠినంగా ఉండాలి. జాక్‌లను కదిపి చూడాలి, మర బిగింపులు విప్పిన గుర్తులున్నాయేమో చూడాలి, ఫేడర్‌ను మునుపు మార్చారా అని అడగాలి. వెస్టాక్స్ మిక్సర్లు స్క్రాచ్ చరిత్రలో గొప్ప పేరున్నవే, ఇప్పటికీ చేతికి హాయిగా ఉంటాయి. అయితే ఆ కంపెనీ 2014లో దివాలా తీసింది కనుక వాటి విడిభాగాలు దొరకడం కష్టం. గరగరమనే కార్బన్ ఫేడర్‌ను ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయవచ్చు, ఇంట్లో తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం వాడకూడదు.

అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా మిక్సర్ తెప్పించుకునేవారు వెనకనున్న లేబుల్ చదివాకే ప్లగ్ పెట్టాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. లేబుల్ మీద 100-240 అని ఉంటే ప్లగ్ అడాప్టర్ మార్చుకుంటే సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే, మిక్సర్‌కు కావలసిన వాట్లకు మించి సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. మిక్సర్లు వాడేది కొన్ని పదుల వాట్లే కాబట్టి చిన్నది చాలు. అలా తెప్పించిన వస్తువుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో మాత్రం కొనకముందే కనుక్కోవాలి.